నాగు, బంగారు: రెండు మన మాటలు, ఒక పాము

ఈసారి కొంచెం పెద్దదే రాస్తున్నాను. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం మన గుంపులో ఒక వీడియో తిరిగింది. పొలం గట్టు మీద పొడుగాటి పామునొకదాన్ని కర్రలతో కొట్టి చంపినారు. కింద "రాజనాగం" అని రాసినారు. అది రాజనాగం కాదు, జెర్రిపోతు. అరవంలో సారై అంటామే, అదే. దానికి విషం లేదు. ఎలుకల్ని తిని బతుకుతుంది, రైతుకు కూలి అడగని పనివాడు.

ఆ వీడియో కింద మనవాళ్ళు రాసిన పేర్లు చూస్తే నాకు ముచ్చటేసింది. హోసూరు అన్న కాళింగం అన్నారు. బరంపురం అక్క అహిరాజు అన్నారు. కోయంబత్తూరు తమ్ముడు కరునాగం అన్నాడు. ఒకరు నల్లత్రాచు అన్నారు. విశాఖలో చుట్టరికం ఉన్న యానాం పెద్దాయన గిరినాగు అన్నారు. చచ్చిన పాము వేరే అయినా, ఈ పేర్లన్నీ నిజంగా ఉన్న పెద్ద పామువే. ప్రపంచంలో విషమున్న పాముల్లో అన్నిటికన్నా పొడుగైన పాము అది. దాని పేరు కథ రెండు వందల ఏళ్ళకు పైబడిన కథ. అందులో మన తెలుగు మాట ఒకటి ఉంది. అది విశాఖపట్నంలో పుట్టి జావా దాకా పోయింది. ఈ సంగతి మన పిల్లలకు ఏ బడిలోనూ చెప్పరు. నేను చదివింది అరవ బడి, నాకూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు పాము సంగతి

గిరినాగు మామూలుగా మూడు, నాలుగు మీటర్లుంటుంది. పదడుగుల నుంచి పదమూడడుగులు అనుకోండి. లెక్కకెక్కినవాటిలో పెద్దది లండన్ జంతుశాలలో ఉండేది. మలయా దేశంలో పోర్ట్ డిక్సన్ దగ్గర 1937లో పట్టి తీసుకుపోయినారు. 1939 నాటికి అది 5.71 మీటర్లకు, అంటే దాదాపు పంతొమ్మిది అడుగులకు పెరిగింది. అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. బాంబులు పడి బోన్లు పగిలితే విషప్రాణులు వీధిలో పడతాయని భయపడి దాన్ని చంపేసినారు. మనుషుల యుద్ధానికి అది కూడా బలైపోయింది.

ఈ పాము ఆహారం పాములే. జెర్రిపోతు, నాగుపాము, చిన్న కొండచిలువ, ఒక్కోసారి తన జాతి పామునే తింటుంది. అప్పుడప్పుడు ఉడుమును కూడా పడుతుంది. జెర్రిపోతూ నాగూ జతకడతాయని మన ఊళ్ళలో పెద్దలు చెప్తారు. అరవవాళ్ళూ అదే చెప్తారు. అది నిజం కాదు. రెండు పొడుగాటి పాములు పెనవేసుకొని లేచి నిలబడితే అవి చాలాసార్లు పెనుగులాడుకునే రెండు మగ జెర్రిపోతులే. జెర్రిపోతుకూ గిరినాగుకూ ఉన్న చుట్టరికమంతా తిండి చుట్టరికం.

కోపమొస్తే ఒంట్లో మూడో వంతు నిటారుగా లేపి నిలబడుతుంది. అంటే పెద్ద పాము మన ఎదురుగా నిలబడితే మన కంటిలోకి చూస్తున్నట్టే ఉంటుంది. నాగుపాములాగా బుస కొట్టడం కాదు దీనిది, కుక్క గుర్రుమన్నట్టు బొంగురు చప్పుడు చేస్తుంది. ఒక్క కాటులో దించే విషం చాలా ఎక్కువ. ఆ విషం నరాలను పట్టేస్తుంది, ఊపిరి ఆడనివ్వదు. ఇంత ఉన్నా ఈ పాము మనుషుల్ని కరవడం చాలా అరుదు. మనిషిని చూస్తే తప్పుకుపోయే రకం. మన దేశంలో ఏటా వేలమందిని చంపేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. గిరినాగు ఆ లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి చెప్తే మన ఆడవాళ్ళు నవ్వుతారో, మెచ్చుకుంటారో! పాముల్లో గూడు కట్టేది ఇదొక్కటే. ఎండాకాలం చివర్లో ఆడపాము రాలిన ఆకుల్ని, వెదురాకుల్ని ఒంటి చుట్టలతో లాక్కొచ్చి కుప్ప వేస్తుంది. దానికి చేతుల్లేవు, నోటితో మోయదు. అయినా వాన నీళ్ళు లోపలికి దిగనంత ఒత్తుగా కుప్ప పోస్తుంది. అందులో ఇరవై, ముప్పై గుడ్లు పెడుతుంది. రెండు నెలలకు పైగా ఆ కుప్ప మీదే కాపలా ఉంటుంది. పిల్లలు బయటికొచ్చే ముందు తల్లి వెళ్ళిపోతుంది. పుట్టిన పిల్లలు నల్లగా, తెల్లని పచ్చని కట్లతో జానెడున్నర పైన ఉంటాయి. చూసినవాళ్ళు కట్లపాము పిల్లలనుకుంటారు.

విశాఖపట్నంలో ఒక చిట్టా

ఇప్పుడు పేరు కథలోకి వస్తాను. స్కాట్లాండు నుంచి వచ్చిన వైద్యుడు పాట్రిక్ రసెల్. అంతకుముందు సిరియాలో అలెప్పో ఊళ్ళో పనిచేసినాడు. ఈయన తమ్ముడు క్లాడ్ రసెల్ కంపెనీ కొలువులో విశాఖపట్నానికి పెద్ద అధికారిగా వస్తే, తోడుగా ఈయనా వచ్చినాడు. 1785లో కంపెనీవారు రసెల్‌ను ఈ తీరానికి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా వేసుకున్నారు. మొక్కలు చూడాలి, చేపలు చూడాలి. కానీ ఆ దొరకు పాముల మీద పట్టు పడింది. ఎందుకంటే కంపెనీ మనుషులూ ఊరి మనుషులూ పాము కాటుకు చచ్చిపోతుంటే ఏది విషప్పామో, ఏది కాదో తేల్చి చెప్పే పుస్తకం లేదు. ఊరికొక మందు, నోటికొక మాట.

రసెల్ చేసిన పని ఒక మంచి గుమాస్తా చేసే పని. నేను ముప్పై ఏళ్ళు రైల్వేలో రిజిస్టర్లు రాసినవాణ్ణి, అందుకే ఆ పని విలువ నాకు బాగా తెలుస్తుంది. పాము రాగానే పొడవు కొలవాలి. కడుపు కింది పొలుసులు లెక్కపెట్టాలి. కోర ఉందా లేదా చూడాలి. బొమ్మ గీయించాలి. కోడికో కుక్కకో కరిపించి ఏమవుతుందో గడియారం పెట్టుకొని రాయాలి. అన్నిటికన్నా మనకు ముఖ్యమైన పని ఇంకొకటి: పట్టి తెచ్చినవాణ్ణి "దీన్ని మీరేమంటారు?" అని అడగాలి. వాడు చెప్పిన తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాలి.

ఆ పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. దాని ఆకులు తిప్పితే మన మాటలే. నాగుపాము దగ్గర "చింత నాగు" అని ఉంటుంది. రక్తపింజర దగ్గర "కాటుక రేకుల పొడ" అని ఉంటుంది. ఎంత చక్కటి పేరో చూడండి. ఆ పాము ఒంటి మీది మచ్చలకు అంచు నల్లగా కాటుక గీసినట్టుంటుంది కదా! ఆ పేరు పెట్టినవాడు పాములు పట్టేవాడో, పశువులు కాసేవాడో, వాడి పేరు ఎక్కడా లేదు. మరుసటి ఏడాది 1797లో ఆ పాముకు శాస్త్రజ్ఞులు రసెల్ పేరు పెట్టినారు. ఇప్పుడు లోకమంతా దాన్ని రసెల్ పింజర అనే అంటుంది. కాటుక రేకుల పొడ అన్న మాట మనకే గుర్తు లేదు.

అదే పుస్తకంలో నల్లని ఒంటి మీద పసుపు పచ్చని పట్టీలున్న పాము ఒకటుంది. దాని పేరు "బంగారు పాము" అని రాసుకున్నాడు. ఫ్రాన్సులో డోడిన్ అనే పండితుడు 1803లో కట్లపాముల కుటుంబానికి ఒక పేరు కావాల్సొచ్చి, రసెల్ చిట్టాలోని ఈ మాటనే తీసుకొని, లాటిన్ తోక తగిలించి "బంగారస్" అన్నాడు. ఈ రోజుకీ ప్రపంచంలోని కట్లపాములన్నిటి ఇంటిపేరు అదే. చైనాలో ఉన్నదైనా, ఇండోనేషియాలో ఉన్నదైనా, దాని ఇంటిపేరు మన బంగారు.

శాస్త్రజ్ఞుల పేర్ల పద్ధతి మన పద్ధతే, గమనించండి. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. మనం అరవనాట తండ్రి పేరు ఇనిషియల్‌గా పెట్టుకొని ఇంటిపేరును వదిలేసినాం. మన మనవళ్ళలో చాలామందికి ఇంటిపేరు అడిగితే అమ్మమ్మకు ఫోను చేయాలి. ఆ పాములు మాత్రం తెలుగు ఇంటిపేరును భద్రంగా మోస్తున్నాయి.

కలకత్తా, జావా

రసెల్ విశాఖపట్నంలో ఉన్నాడు, కొండలు కంటికి కనిపించే దూరంలోనే ఉన్నాయి. ఆ కొండల్లో గిరినాగు ఉంది, ఇప్పటికీ ఉంది. అయినా శాస్త్రానికి దాన్ని చెప్పే పని ఆయన చేతి మీదుగా జరగలేదు. అది 1836లో కలకత్తాలో జరిగింది. థియోడోర్ కాంటర్ అని డెన్మార్కు దేశస్థుడు, కంపెనీ వైద్యుడు. సుందరబన్నుల వైపు దొరికిన పామును చూసి, పడగున్నా ఇది నాగుపాము కాదు, ఇంతవరకు ఎవరూ వర్ణించని పాము అని రాసినాడు. పట్టి ఉంచిన పాములకు పదిహేను రోజులకు ఒక పామును మేతగా వేసేవాడట. దానికి "హమద్రియాస్ హన్నా" అని పేరు పెట్టినాడు. గ్రీకు కథల్లో హమద్రియాస్ అంటే చెట్టును అంటిపెట్టుకొని ఉండే వనదేవత.

సరిగ్గా ఒక ఏడాది తర్వాత, 1837లో, హాలండులో ష్లెగెల్ అనే మ్యూజియం పండితుడు జావా నుంచి వచ్చిన పెద్ద పామును చూసి పేరు పెట్టినాడు. ఆ పేరు "నాజా బంగారస్". నాజా అనేది మన "నాగ" అనే మాటే, పాత లాటిన్ పుస్తకాల్లో అట్లా మారింది. బంగారస్ ఏదో ఇప్పుడే చెప్పినాను. అంటే ప్రపంచంలోని అతి పొడుగు విషసర్పానికి ఒక డచ్చి మ్యూజియంలో కూర్చొని పెట్టిన పేరును మన ఇంటి భాషలో చదివితే "నాగు బంగారు". పెట్టినాయనకు తెలుగు రాదు, విశాఖపట్నం చూడలేదు. ఒక ఊరి మనిషి నోటి మాట పుస్తకంలో పడి అంత దూరం నడిచింది.

ఇంగ్లీషు వాళ్ళ కాలమంతా ఈ పేరు చలామణిలో ఉంది. 1890లో బులెంజర్ రాసిన బ్రిటిష్ ఇండియా సరీసృపాల పుస్తకంలో ఈ పాము పేరు బంగారస్‌గానే ఉంది. కానీ పేర్ల లోకంలో సీనియారిటీ లిస్టు గట్టిది. ఒకే పాముకు రెండు పేర్లుంటే ముందు అచ్చయిన పేరుదే పదవి. హన్నా 1836, బంగారస్ 1837. ఒక్క ఏడాది సీనియారిటీ! మరి హమద్రియాస్ అన్న ఇంటిపేరును అంతకుముందే ఒక సీతాకోకచిలుకకు ఇచ్చేసి ఉన్నారు కాబట్టి అదీ పోయింది. దాని చోట్లో గుంథర్ 1864లో పెట్టిన "ఒఫియోఫేగస్" వచ్చింది. గ్రీకులో పాములు తినేది అని అర్థం. 1945లో బోగర్ట్ అనే అమెరికా పండితుడు రెండూ కలిపి, సరైన పేరు "ఒఫియోఫేగస్ హన్నా" అని తేల్చినాడు. బంగారస్ ఫైలు మూసేసినారు.

2024లో ఫైలు తెరుచుకుంది

హిమాలయాల కింది అడవుల నుంచి ఫిలిప్పీన్సు దాకా ఇదంతా ఒకే పాము అని దాదాపు ఎనభై ఏళ్ళు అనుకున్నారు. కర్ణాటకలో అగుంబె ఉంది చూడండి, మాల్గుడి డేస్ సీరియల్ తీసిన ఊరు, విపరీతమైన వానల ఊరు. అక్కడ రోములస్ విటేకర్ 2005లో అడవి పరిశోధన కేంద్రం పెట్టినారు. మద్రాసులో పాముల పార్కు పెట్టిన ఆయనే. ఆ అగుంబెలోనే పనిచేసిన గౌరీ శంకర్ గారికి 2005లో ఈ పాము కాటే పడింది. థాయిలాండులో తయారైన విరుగుడు మందు ఇస్తే అది సరిగ్గా పనిచేయలేదు. మందు అదే పాముకు చేసిందైతే ఎందుకు పనిచేయలేదు? అక్కడి పామూ ఇక్కడి పామూ నిజంగా ఒకటేనా?

ఈ ప్రశ్న రైల్వేవాడికి కొత్త కాదు. ఒకే పేరున్న రెండు స్టేషన్లుంటే మేము పేరు నమ్మేవాళ్ళం కాదు, కోడు చూసి గానీ పార్సిల్ ఎక్కించేవాళ్ళం కాదు. పేరు నమ్మి ఎక్కిస్తే పూలబుట్ట ఒక ఊరికి, పెళ్ళి ఇంకో ఊళ్ళో.

గౌరీ శంకర్ గారూ, ఆయనతో పనిచేసిన దేశ విదేశాల శాస్త్రజ్ఞులూ ఎన్నో దేశాల పాముల జన్యువులు పోల్చి చూసినారు. 2021లో ఇందులో నాలుగు వేరు వేరు వంశాలున్నాయని చెప్పినారు. 2024లో వాటికి నాలుగు పేర్లు ఖాయం చేసినారు. ఒడిశా, తూర్పు కనుమలు, హిమాలయాల కింది నేల, ఈశాన్యం, బర్మా, ఇంకా అటువైపు ఉన్నది "హన్నా". పడమటి కనుమల్లో, అంటే కర్ణాటక, కేరళ, తమిళనాడు కొండల్లో ఉన్నది "కాళింగ". ఆ పేరు కన్నడవాళ్ళు వాళ్ళ పాముకు తరతరాలుగా పిలుచుకునే పేరు. దాని ఒంటి మీది కట్లు నలభైకి మించవు. ఫిలిప్పీన్సులో లూజాన్ ద్వీపంలో ఉన్నది "సల్వతాన".

మరి జావా, సుమత్రా, మలయా వైపుది? దానికి కొత్త పేరు పెట్టనక్కరలేదు. 1837 నాటి పాత ఫైలు ఉంది కదా. ఆ పాము ఇప్పుడు "ఒఫియోఫేగస్ బంగారస్". రద్దయిన పేరు మళ్ళీ డ్యూటీలో చేరింది.

మన సంఘం సభ్యులకు దీంట్లో ఒక విచిత్రముంది. బరంపురం అక్క చెప్పిన అహిరాజు, విశాఖ గిరినాగు ఒక జాతి. హోసూరు అన్న చెప్పిన కాళింగం, కోయంబత్తూరు తమ్ముడి కొండల్లో ఉన్నది ఇంకో జాతి. నడుమ ఎండిన మైదానం. తడి అడవి లేనిదే బతకని పాము ఆ మైదానం దాటలేక రెండు వైపులా వేరుపడిపోయింది. మన పూర్వులు అదే మైదానం బండ్ల మీద దాటి వచ్చినారు. వందల ఏళ్ళయినా, అటువాళ్ళ మాట ఇటువాళ్ళకు ఇంకా అర్థమవుతూనే ఉంది. ఇంకెన్నాళ్ళు అవుతుందో మన చేతిలో ఉంది.

పేరుతో పనేముంది అంటే

పేరుకు ప్రాణంతో పని ఉంది. మన దేశంలో ఆసుపత్రుల్లో ఇచ్చే పాము విరుగుడు మందు ముందు చెప్పిన నాలుగు పాములకు చేసింది: నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఆ మందుకు కావలసిన విషాన్ని చాలా ఏళ్ళుగా అందిస్తున్నది చెన్నై పక్కన వడనెమ్మెలిలోని ఇరులర్ల సహకార సంఘం. 1978లో పెట్టింది. ఆ ఇరులర్లలో ఇద్దరు, మాసి సడయన్, వడివేల్ గోపాల్ గార్లకు 2023లో పద్మశ్రీ ఇచ్చినారు. గిరినాగు విషానికి ప్రత్యేకమైన మందు మాత్రం మన దేశంలో తయారు కాదు. కాబట్టి ఏ నాగును చూసినా రాజనాగమని డాక్టరుతో చెప్పడం మంచిది కాదు. నల్లత్రాచు, కరునాగం అనే పేర్లతో ఇంకో ఇబ్బంది ఉంది. నల్లగా ఉన్న మామూలు నాగుపామును కూడా జనం అదే పేరుతో పిలుస్తారు.

ఏ పాము కరిచినా చేయవలసింది ఒకటే. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, గట్టిగా కట్టు బిగించకూడదు. కరిచిన కాలో చెయ్యో కదల్చకుండా, వేగంగా పెద్ద ఆసుపత్రికి పోవాలి. పామును పట్టి తీసుకుపోవాలని వెతుకుతూ కూర్చోవద్దు. మంత్రం వేయించాలనుకుంటే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినాక వేయించుకోండి, నేను కాదనను.

గిరినాగును చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. 2010 నుంచి దాన్ని అంతర్జాతీయ జాబితాలో ముప్పున్న ప్రాణిగా లెక్కిస్తున్నారు. కారణం మన కర్ర ఒక్కటే కాదు, అడవి తగ్గిపోవడం. అయితే మంచి వార్తా ఉంది. విశాఖ వైపు మాడుగుల లాంటి చోట్ల గిరినాగు కనబడితే జనం ఇప్పుడు అటవీశాఖకు, ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్ళకు ఫోను చేస్తున్నారు. తోటలో గూడు కనబడితే పిల్లలు బయటికొచ్చేదాకా దాన్ని కాపాడుతున్నారు. "పామూ చావకుండా కర్రా విరగకుండా" అని మనం ఎత్తిపొడుపుగా అంటాం. ఈ విషయంలో మాత్రం సరిగ్గా అదే కావాలి.

నాగుల చవితికి మన ఇళ్ళల్లో పుట్టలో పాలు పోస్తాం. పాము పాలు తాగదు, అది అందరికీ తెలిసిందే. ఆ పూజ చేసినవాళ్ళం, మరుసటి వారం జెర్రిపోతును కొట్టి చంపి వీడియో పంపుకోవడం మాత్రం బాగుండదు.

చివరగా ఒక మనవి. రసెల్ చిట్టాలోకి ఎక్కిన మాటలు ఎక్కినాయి. ఎక్కనివి ఎన్నో మన ముసలివాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. మా ఇంట్లో రాత్రిపూట పాము అనే మాట పలకనిచ్చేవాళ్ళు కాదు, "పురుగు" అనాలి. మీ ఇళ్ళల్లో ఏమనేవాళ్ళు? కట్లపామును ఏమంటారు? రక్తపింజరను ఏమంటారు? పచ్చగా చెట్టు మీద ఉండేదాన్ని ఏమంటారు? ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, ఊరి పేరుతో సహా కింద రాయండి. తెలుగు అక్షరాలు రాకపోతే అరవంలోనో కన్నడంలోనో ఒడియాలోనో రాయండి, పర్వాలేదు. నేను తెలుగులో ఎక్కించి, ఊరివారీగా ఒక రిజిస్టరు కడతాను. అది నాకు బాగా అలవాటైన పని.